మంగళవారం ఎనిమిది వందల మాటలు: రాజకీయ కాలమ్ రాసిన నా అనుభవం

నా పేరుతో మొదటి రాజకీయ కాలమ్ అచ్చయింది 2003 నవంబరులో. అప్పటికే పత్రికల్లో 14 ఏళ్లు గడిచాయి. జర్నలిజం చదువుతున్న పిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు, కాలమిస్టు కావాలంటే ఏం చదవాలి సార్, ఎక్కడ అప్లై చేయాలి అని. అప్లై చేస్తే వచ్చే పని కాదది. నాకెలా వచ్చిందో, వచ్చాక ఏం చేశానో, ఎలా చేజారిందో జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను పనిచేసిన పత్రికల పేర్లు, నాతో తేడా వచ్చినవాళ్ల పేర్లు మాత్రం రాయను. వాళ్ల వైపు మాట చెప్పుకోవడానికి వాళ్లిక్కడ లేరు.

మాది వినుకొండ దగ్గర పల్లెటూరు. 1989లో ఈనాడు జిల్లాకో టాబ్లాయిడ్ మొదలుపెట్టాక మిగతా పత్రికలు కూడా మండలానికో మనిషిని వెతుక్కున్నాయి. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న నాలాంటి వాళ్లు చాలామంది అలా కంట్రిబ్యూటర్లు అయ్యారు. జీతమంటూ ఉండదు, లైన్ అకౌంటే. మనం పంపిన వార్త ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో స్కేలు పెట్టి కొలుచుకుని, కటింగులు తెల్లకాగితాల మీద అతికించి నెలాఖరుకి పంపితే దాన్నిబట్టి డబ్బు వచ్చేది. ఎంత మంచి నెలయినా నాకు 200 రూపాయలు దాటేది కాదు.

వార్త పంపడం కూడా ఇప్పటివాళ్లకి చెబితే నమ్మరు. మధ్యాహ్నం మూడింటి విజయవాడ బస్సు కండక్టర్‌కి కవరు ఇచ్చేవాణ్ణి. దానిమీద ఎర్ర స్కెచ్ పెన్నుతో న్యూస్, అర్జంట్ అని రాసి ఉండేది. ఆయన దాన్ని డ్రైవర్ వెనక అద్దానికి, రాడ్‌కి మధ్య ఇరికించేవాడు, విజయవాడ బస్టాండులో మా ఆఫీసు కుర్రాడు వచ్చి తీసుకునేవాడు. కాగితానికి ఒకవైపే రాయాలి, ఎడమపక్క రెండు వేళ్ల మార్జిన్ వదలాలి, ఎందుకంటే సబ్ ఎడిటర్ దిద్దేది అక్కడే. బస్సు మూడింటికి కదిలిపోతుంది, నా వాక్యం బాగా రాలేదని ఆగదు. డెడ్‌లైన్ అనే మాట వినకముందే నాకది ఆ బస్సు హారన్ రూపంలో అలవాటైపోయింది.

అసలు గురువు అంతకన్నా ముందే ఉన్నాడు, మా పెదనాన్న. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఊరివాళ్లకి పేపరు పైకి చదివి వినిపించేవాడు. కళ్లజోడుకి ఒక కాడ విరిగిపోతే నల్లదారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. ఆ దారం సర్దుకుంటూ ఏ వార్తయినా మొదటి పేరా చదివేవాడు. అందులో పస లేకపోతే ఒక్క మాట కూడా అనకుండా పేజీ తిప్పేసేవాడు. ఎడిటోరియల్ పేజీలో పెద్దపెద్ద పేర్లున్న వ్యాసాలు కూడా ఆ మొదటి పేరా దగ్గరే ఆగిపోయేవి. ఆయనకి నచ్చనిదైతే మాత్రం చివరిదాకా చదివేవాడు, మధ్యలో ఆపి, ఇక్కడ ఇతను చెప్పింది తప్పురా, ఎందుకంటే అని మొదలుపెట్టేవాడు. ఒప్పుకోనివాడు కూడా చివరిదాకా చదివేట్టు రాయాలనే ఆశ నాకు ఆ అరుగు మీదే పుట్టింది.

1989 నవంబరు ఎన్నికలు నేను చూసిన మొదటి ఎన్నికలు, విలేకరిగా. ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడిపోయి హిందూపురంలో గెలిచిన ఎన్నికలు. తెలుగుదేశం ఎందుకు ఓడిందో హైదరాబాద్ నుంచి వ్యాసాలు రావడానికి వారం పట్టింది. మా ఊళ్లో టీకొట్టు దగ్గర అదే సంగతి ఎన్నికలకి ముందే మాట్లాడుకున్నారు, నేను విన్నాను కూడా. కానీ దాన్ని వార్తగా ఎలా రాయాలో తెలీలేదు. ఎవరన్నారు, ఎంతమందన్నారు, దానికి ఆధారమేంటి? ఈ మూడు ప్రశ్నలకి జవాబు వెతుక్కోవడమే ఆ తర్వాత నా జీవితమైపోయింది.

1992లో రాతపరీక్ష రాసి విజయవాడ డెస్క్‌లో ట్రైనీగా చేరాను. టెలిప్రింటర్ మీద పీటీఐ, యూఎన్ఐ వార్తలు గడగడా దిగుతుంటే చింపి తెలుగు చేయడం పని. రెండేళ్లకి ఎడిట్ పేజీలో వేశారు. ఢిల్లీ నుంచి కుల్దీప్ నయ్యర్ లాంటి వాళ్ల సిండికేట్ కాలమ్‌లు, అంటే ఒకేసారి చాలా పత్రికలకి పంపేవి, వచ్చేవి, వాటిని అనువాదం చేయాలి. మా చీఫ్ సబ్‌ని అందరం గురువుగారూ అనేవాళ్లం. నా మొదటి అనువాదం చూసి ఎర్ర పెన్ను పక్కన పెట్టేశారు. "ఏమయ్యా, ఇంగ్లీషులో అతను ఒక వాక్యంలో చెప్పాడని నువ్వూ ఒకే వాక్యంలో చెప్పాలా? మీ అమ్మకి ఈ సంగతి చెప్పాలంటే ఎలా చెబుతావో అలా చెప్పు" అన్నారు. మళ్లీ రాశాను. మళ్లీ తిప్పికొట్టారు. నాలుగోసారి పేజీలోకి వెళ్లింది.

అనువాదాలు చేసిన ఆ మూడేళ్లే నాకు కాలమ్ బడి. ఒకరి వ్యాసాన్ని వాక్యం వాక్యం విప్పి మన భాషలో కడుతున్నప్పుడు దాని లోపలి కట్టడం కనిపిస్తుంది. మంచి కాలమిస్టు ఎదుటి పక్షం వాదనని ఎక్కడ ఒప్పుకుంటాడో గమనించడం మొదలుపెట్టాను. ఒప్పుకునే చోటు లేని వ్యాసం కరపత్రంలా ఉండేది. ఎంత గట్టిగా రాసినా, ఈ ఒక్క విషయంలో వాళ్లన్నదీ నిజమే అనే వాక్యం ఎక్కడో ఉంటే మిగతాదంతా నమ్మబుద్ధి అయ్యేది. ఇది నాకెవరూ చెప్పలేదు, చేతికి తగిలింది.

1995 ఆగస్టులో వైస్రాయ్ హోటల్ రోజులు వచ్చాయి, ఎన్టీఆర్ మీద తిరగబడ్డ తెలుగుదేశం ఎమ్మెల్యేలు చంద్రబాబు వెనక ఆ హోటల్‌లో చేరిన రోజులు. రాత్రి రెండింటిదాకా హెడ్డింగులు మారుస్తూ కూర్చునేవాళ్లం. హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తే ఇంతమంది ఎమ్మెల్యేలు ఇటు, గంట తర్వాత ఇంకో ఫోన్ వస్తే ఇంకో అంకె. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణస్వీకారం చేశారు. ఎవరు ఎటు వెళ్లారో పత్రికలన్నీ రాశాయి. ఏడాది కిందటే 294లో 216 సీట్లతో గెలిపించిన మనిషిని సొంత ఎమ్మెల్యేలే ఎందుకు వదిలేశారో నాకు కొరుకుడు పడలేదు. నా ఊరి అనుభవంతో, నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు ఎమ్మెల్యేల అనుచరులతో మాట్లాడి ఆరువందల మాటలు రాసి గురువుగారి బల్ల మీద పెట్టాను. పేరు లేకుండా వేశారు. అదే నా మొదటి రాజకీయ విశ్లేషణ. ఆ కటింగు ఇప్పటికీ ఉంది, కాగితం గోధుమరంగుకి తిరిగింది.

1997లో హైదరాబాద్ బదిలీ అయింది. అసెంబ్లీ, సచివాలయం, పార్టీ ఆఫీసులు. ఆరేళ్లు రిపోర్టింగ్ చేశాను. ఆ కాలం గురించి ఎక్కువ రాయను, అందరు రిపోర్టర్లదీ ఒకటే కథ. మనుషులు పరిచయమయ్యారు, ఫోన్ నంబర్లు పోగయ్యాయి. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల ఉద్యమం మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగిన రోజు మాత్రం ఎప్పటికీ మర్చిపోలేను. ఆ రాత్రి ఆఫీసుకొచ్చి రిపోర్టు రాసేశాక కూడా ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. ఈ రోజు అర్థమేంటో ఎవరైనా రాయాలి కదా అనిపించింది. రాసే చోటు నాకు లేదు.

ఆ చోటు 2003లో దొరికింది. అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు మీద దాడి జరిగింది, నవంబరులో అసెంబ్లీ రద్దయింది, ముందస్తు ఎన్నికలు. హైదరాబాద్‌లో మేమంతా సానుభూతి పనిచేస్తుందనే అనుకున్నాం. సరిగ్గా ఆ రోజుల్లో మా అమ్మకి ఒంట్లో బాగాలేక ఊరికి వెళ్లి వారం ఉన్నాను. అద్దంకి బ్రాంచి కాలువకి నీళ్లు సరిగా రాక చేలన్నీ బీళ్లుపడి ఉన్నాయి. అలిపిరి గురించి నేనే అడిగాను, పాపం బతికి బయటపడ్డాడు అన్నారు, అక్కడితో ఆపేశారు. ఆ తర్వాత గంటసేపు మాట్లాడింది గొడ్లని ఎంతకి అమ్ముకున్నారో, మేత ఎక్కడ దొరుకుతోందో. పక్కింటి అత్త ఒకావిడ జత ఎద్దుల్ని అమ్మేసిన పగ్గాలు గోడకి తగిలించి ఉంచింది. "మళ్లీ కొంటాం కదా నాయనా, పగ్గాలెందుకు పారేసుకోవడం" అంది. తిరిగొచ్చి ఆ పగ్గాలతో మొదలుపెట్టి రాశాను. జాలి ఉంది కానీ ఓటు వేరే లెక్క మీద నడుస్తోంది అని. ఎడిటర్ రెండుసార్లు చదివి, ఒక్క ఊరు చూసి రాష్ట్రం గురించి చెప్పలేం కదా అన్నారు. న్యాయమైన మాట. మహబూబ్‌నగర్, అనంతపురం వెళ్లి వస్తానన్నాను. పంపించారు. వచ్చి రాశాక, ఇక ప్రతి మంగళవారం రాయి అన్నారు. కాలమ్‌కి 500 రూపాయలు, జీతం కాక.

2004 మేలో కాంగ్రెస్‌కి 185, తెలుగుదేశానికి 47 వచ్చాయి. ఎల్బీ స్టేడియంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు. నాకు ఫోన్లే ఫోన్లు. ముందే చెప్పారు మీరు అని. ఆ పొగడ్త నాకు చేసిన చెడు తెలుసుకోవడానికి ఐదేళ్లు పట్టింది.

పని ఎలా జరిగేదో కొంచెం చెప్పాలి, పిల్లలు అడిగేది ఇదే కాబట్టి. మంగళవారం అచ్చు కావాలంటే ఆదివారం రాత్రికి ఇవ్వాలి. 800 మాటలు, పది అటూ ఇటూ. బుధవారం నుంచి శుక్రవారం దాకా ఏం రాయాలో తేలదు, అదే పెద్ద టెన్షన్. శనివారం పొద్దున్నకి మూడు విషయాలు మిగులుతాయి. వాటిలో నాకు కోపం తెప్పించేదాన్ని మొదట పక్కన పెడతాను, కోపంతో రాసింది మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. నాకు కొత్తగా తెలిసిన సంగతి ఏదైనా ఉన్నదాన్ని తీసుకుంటాను. శనివారమంతా ఫోన్లు. ఒక పార్టీ మనిషితో మాట్లాడితే రెండో పార్టీ మనిషితో కూడా తప్పక మాట్లాడతాను, మూడో ఫోను ఏ పార్టీకీ చెందని అధికారికో, లెక్చరర్‌కో, వ్యవసాయం చేసేవాళ్లకో. ఆదివారం పొద్దున్న ఆరింటికి కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి ముందు 1,200 మాటలు అవుతాయి. సాయంత్రం కొట్టేయడమే పని. మొదట్లో కాగితం మీద రాసిస్తే కంపోజింగ్ వాళ్లు చేసేవాళ్లు, తర్వాత అను ఫాంట్‌లో నేనే టైపు చేయడం నేర్చుకున్నాను. చివర్లో మొదటి పేరా పైకి చదువుకుంటాను, నల్లదారం కళ్లజోడు కళ్ల ముందుకొస్తుంది. పేజీ తిప్పేస్తాడు అనిపిస్తే మళ్లీ రాస్తాను.

2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం ప్రకటించిన సభకి వెళ్లాను. అంతమంది జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. తర్వాత జిల్లాల్లో రోడ్ షోలు టీవీలో చూశాను. అప్పటికి న్యూస్ చానళ్లు చాలా వచ్చేశాయి, వారానికి మూడు రాత్రులు చర్చలకి పిలిచేవాళ్లు, కారు పంపేవాళ్లు. నేను ఊళ్లు తిరగడం ఎప్పుడు తగ్గిందో నాకే తెలీలేదు. ఆ పార్టీకి 50 సీట్లు తగ్గకుండా వస్తాయని 2009 మార్చిలో రాశాను. అంకెతో సహా రాశాను. వచ్చినవి 18. ఆయన పాలకొల్లులో ఓడిపోయి తిరుపతిలో గెలిచారు. ఓట్లు 16 శాతం పైనే వచ్చాయి, కానీ రాష్ట్రమంతా పరుచుకున్న ఓటు సీట్లుగా మారదనే పాఠం నేను సభలో జనాన్ని చూసి మర్చిపోయాను.

ఫలితాల తర్వాతి మంగళవారం కాలమ్‌కి, నేను పొరబడ్డాను అని హెడ్డింగు పెట్టి ఇచ్చాను. ఎడిటర్ ఫోన్ చేశారు. "అవసరమంటావా? ఎవరికీ గుర్తుండదు. పత్రిక పరువు కూడా చూడాలి కదా." నాకు గుర్తుంది సార్ అన్నాను. అరగంట వాదన జరిగింది. చివరికి హెడ్డింగు మార్చి వేశారు, లోపల ఒక్క మాట ముట్టుకోలేదు. ఏ ఊళ్లు తిరగలేదో, ఏ లెక్క వేయలేదో, ఎవరి మాట విని నమ్మానో అంతా రాశాను. ఆ వారం 43 ఉత్తరాలొచ్చాయి, ఆరేళ్లలో ఏ కాలమ్‌కీ అన్ని రాలేదు. ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఇంతకాలం మిమ్మల్ని చదివాను, ఇకమీదట నమ్ముతాను అని పోస్టుకార్డు రాశారు. ఆ రోజే ఒక పొడవాటి లెక్కల పుస్తకం కొన్నాను. ఎడమపక్క నేను ఏం చెప్పానో తేదీతో సహా, కుడిపక్క చివరికి ఏం జరిగిందో. కుడిపక్క నింపేది నేనే కాబట్టి ఎర్ర ఇంకుతో నింపుతాను.

2009 సెప్టెంబరు 2న వైఎస్ హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం, తెలంగాణ రాష్ట్రం ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటన చేశారు. ఆ వారం మా ఆఫీసులో ఒకే బల్ల దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు టీకి వేరువేరుగా వెళ్లడం చూశాను. నేను కాలమ్‌లో వేర్పాటు ఉద్యమం అని రాశాను. ఏ దురుద్దేశమూ లేదు, అప్పటిదాకా మా డెస్క్‌లో వాడుతున్న మాటే. నల్లగొండకి చెందిన నా సహోద్యోగి, నాకంటే చిన్నవాడు, పేజీ ప్రూఫ్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "అన్నా, వేర్పాటు అంటవేందే? మేం దేశం నుంచి పోతమన్నమా? రాష్ట్రమిమ్మని అడుగుతున్నం. నువ్వు గూడ గిట్ల రాస్తే ఎట్ల?" గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. ఆ మాట తీసేసి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం అని పెట్టాను.

అంతటితో సరిపోదనిపించింది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1973 ఆరు సూత్రాల పథకం, 1985 డిసెంబరు నాటి 610 జీవో, తెలంగాణ వాదంలో ఎప్పుడూ వినపడే కాగితాలివి, వాటి గురించి అన్నేళ్లుగా రాస్తున్నాను కానీ అసలు పాఠం చదవలేదు. లైబ్రరీలో కూర్చుని చదివాను. 610 జీవోలో తెలంగాణలో పనిచేస్తున్న స్థానికేతర ఉద్యోగులని 1986 మార్చి 31కల్లా వెనక్కి పంపాలని గడువు ఉంది. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసేనాటికి కూడా అది తేలలేదు. పదిహేనేళ్ల తర్వాత కూడా దాని అమలు మీద కమిషన్ వేయాల్సి వచ్చిందంటే అవతలివాడి కోపం ఎక్కడ నుంచి వస్తోందో నాకు ఆ రోజు కాగితం మీద కనిపించింది. నేను కోస్తావాణ్ణి, సమైక్యంగా ఉంటే బాగుంటుందని నా మనసులో ఉండేది. అది దాచకుండా, ఆ జీవో సంగతీ దాచకుండా రాశాను. రెండు వైపుల నుంచీ తిట్లు వచ్చాయి. మా ఊరి నుంచి ద్రోహి అని ఫోన్ వచ్చింది. తెలంగాణ మీద కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ ఆరు ప్రత్యామ్నాయాలు ఇచ్చినప్పుడూ, 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు పాసైనప్పుడూ ఇదే వరస. ఆ నల్లగొండ తమ్ముడు ఇప్పుడు ఒక పత్రికలో పెద్ద బాధ్యతలో ఉన్నాడు. కాలమ్‌లో ఏదైనా మాట దగ్గర అనుమానమొస్తే ఇప్పటికీ ఫోన్ చేసేది అతనికే.

తెలుగులో రాజకీయ కాలమ్ రాసేవాడికి పెద్ద బాధ ఇంకోటుంది. పాఠకుడు వ్యాసం చదవకముందే కింద ఇంటిపేరు చూస్తాడు. తర్వాత పత్రిక పేరు చూస్తాడు. ఈ రెండూ కలిపి నువ్వు ఏ పార్టీవాడివో తేల్చేస్తాడు. మీటింగులకి వెళ్తే ప్రసంగం బాగుందండీ అని చేయి కలుపుతూనే, ఇంతకీ మీరేమిట్లు అని కులం అడుగుతారు. ఒకే కాలమ్ మీద ఒకే రోజు, అమ్ముడుపోయావు అని రెండు పార్టీల వాళ్లూ రాసిన ఉత్తరాలు నా దగ్గరున్నాయి. ఇందులో పాఠకుడి తప్పు మాత్రమే ఉందనను. ఏ పత్రిక ఎవరి పక్షమో ఊళ్లో చదువురానివాళ్లు కూడా చెప్పగలిగే స్థితికి మన పత్రికలే తెచ్చుకున్నాయి. మొదటి పేజీ ఒక పార్టీ జెండాలా ఉన్నప్పుడు నాలుగో పేజీలో నా 800 మాటలు తటస్థంగా ఉన్నాయంటే ఎవరు నమ్ముతారు? నేను చేయగలిగింది ఒకటే చేశాను. ఏ పార్టీ నాయకుడి దగ్గరా ఇంటి స్థలం గానీ, పదవి గానీ, పిల్లల సీటు గానీ అడగలేదు. అడిగిన మిత్రులున్నారు, వాళ్ల అవసరాలు వాళ్లవి, కాదనను. కానీ అడిగిన మర్నాడు నుంచి చేయి వణుకుతుంది, అది వాళ్ల రాతలో నేను చూశాను.

కోర్టు సంగతి కూడా రాయాలి. 2011లో రాసిన ఒక కాలమ్ మీద పరువునష్టం కేసు పడింది, పాత శిక్షాస్మృతి 499, 500 సెక్షన్లు, ఇప్పుడు న్యాయ సంహితలో 356. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు. నేను రాసింది ఒక నాయకుడి భూమి వ్యవహారం. నా దగ్గర అడంగల్ కాపీలున్నాయి, భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు అది, ధైర్యంగానే ఉన్నాను. మా లాయరుగారు కాపీలన్నీ తిరగేసి నా కాలమ్‌లో ఒక్క మాట కింద గీత గీశారు. కాజేశారు. "నీ కాగితం ఏం చెబుతోందయ్యా? రికార్డులో పేరు మారిందని చెబుతోంది. కాజేశాడని ఏ కాగితమైనా చెబుతుందా? పేరు మారింది, ఎలా మారిందో ఆయన చెప్పాలి అని రాసి ఉంటే నిన్ను కోర్టుకి లాగేవాడు కాదు, లాగినా నిలబడేది కాదు." ఆయన చెప్పినట్టు రాసి ఉంటే వాక్యం ఇంకా పదునుగా ఉండేది కూడా.

ఆ ఒక్క మాటకి నాలుగేళ్లు, 11 వాయిదాలు. రాత్రి రైలెక్కి పొద్దున్న ఆ ఊళ్లో దిగి, స్టేషన్‌లో మొహం కడుక్కుని కోర్టుకి వెళ్తే, జడ్జిగారు సెలవు అని ఇంకో తేదీ ఇచ్చేవాళ్లు. మా ఆవిడ ప్రతిసారీ చపాతీలు కట్టిచ్చేది, ఏమీ అనేది కాదు, ఆ ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ భయం వేసేది. చివరికి ఫిర్యాదుదారు రావడం మానేశారు, కేసు కొట్టేశారు. తీర్పు నాకు అనుకూలమే అయినా గెలిచానని ఎవరికీ చెప్పుకోలేదు, ఎందుకంటే ఆ మాట నిజంగానే నా దగ్గరున్న ఆధారాన్ని దాటిపోయింది.

ప్రభుత్వాలు కూడా ఊరుకోవు. 1983లో శాసనమండలి మీద ఒక హెడ్డింగు పెట్టినందుకు ఈనాడు సభాహక్కుల వివాదం ఎదుర్కోవడం పాత కథ. మా కాలంలో 2007లో 938 జీవో, 2019 అక్టోబరులో 2430 జీవో వచ్చాయి, తప్పుడు వార్త రాశారని ప్రభుత్వ శాఖలే కేసులు పెట్టేందుకు. ముఖ్యమంత్రులు వేరు, పార్టీలు వేరు, ఆలోచన ఒకటే. రెండిటినీ వ్యతిరేకిస్తూ రాశాను. మొదటిదాన్ని మెచ్చుకున్నవాళ్లే రెండోదాన్ని తిట్టారు, కొందరు అటుది ఇటు చేశారు. రెండుసార్లూ ఒకే మాట అన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2020లో కాలమ్ పోయింది. కరోనా వచ్చి పేజీలు తగ్గిపోయాయి, జిల్లా అనుబంధాలు మెయిన్‌లో కలిసిపోయాయి, ఉద్యోగాలు పోయినవాళ్లు చాలామంది. ఎడిటర్ ఫోన్ చేసి, కొన్నాళ్లు విరామం ఇద్దాం అన్నారు. పేజీ తగ్గడమే కారణమా, నా రాతా అని అడిగాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. ఆ మౌనం నాకు సరిపోయింది. 16 ఏళ్లు ప్రతి ఆదివారం ఆరింటికి కూర్చున్నవాణ్ణి, ఆ ఆదివారం కూడా ఆరింటికే మెలకువ వచ్చింది. లేచి బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. రాయడానికి ఏమీ లేదు. లెక్కల పుస్తకం తీసి మొదటి నుంచి చదువుకున్నాను. కుడిపక్క ఎర్ర ఇంకు నేననుకున్నదానికన్నా చాలా ఎక్కువుంది. తప్పులన్నీ ఎక్కడున్నాయని చూస్తే, ఊరికి వెళ్లకుండా రాసిన కాలమ్‌లలోనే ఎక్కువ. ఎవరికీ చెప్పుకోలేనంత బాధ వేసింది, ఆ తర్వాత కొంచెం తేలిగ్గా కూడా అనిపించింది, కారణం తెలిసింది కాబట్టి.

ఏడాది తర్వాత ఇంకో చిన్న పత్రిక అడిగింది. డబ్బు తక్కువ, పాఠకులూ తక్కువ. ఒక్కటే షరతు పెట్టాను, నెలకి రెండుసార్లు ఊళ్లు తిరగడానికి బస్సు చార్జీలివ్వాలి. ఇస్తున్నారు. టీవీ చర్చలకి వెళ్లడం మానేశాను.

2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి గెలుస్తుందని రాశాను కానీ 175లో 164 వస్తాయని నా లెక్కలో లేదు. ఎర్ర ఇంకే. వైఎస్సార్ కాంగ్రెస్ 151 నుంచి 11కి పడిపోయిందని అందరూ సీట్ల గురించే రాస్తుంటే నేను ఓట్లు చూశాను. 2019లో తెలుగుదేశానికి వచ్చింది 39.17 శాతం, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి వచ్చింది 39.37 శాతం, సీట్లు 11. చిత్తుగా ఓడిపోయిందని మనం రాసిన పార్టీ వెనక రెండుసార్లూ వందలో 39 మంది నిలబడి ఉన్నారు. గెలిచినవాళ్లు ఆ 39 మందిని లేనట్టే చూడటం, ఓడినవాళ్లు మళ్లీ వచ్చాక మిగతావాళ్లని లేనట్టే చూడటం, మన రాష్ట్రం ఐదేళ్లకోసారి ముందున్నదాన్ని కూలగొట్టి మొదటి నుంచి మొదలుపెట్టడం, వీటన్నిటికీ మూలం అక్కడుందని రాశాను. ఈ పదేళ్లలో నేను రాసినవాటిలో నాకు బాగా నచ్చిన కాలమ్ అది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. పెదనాన్న లేడు, ఆ అరుగూ లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. మా అన్న కొడుకు డాబా మీద కూర్చుని ఫోన్‌లో నా కాలమ్ తెరిచాడు, నేను పక్కనే ఉన్నానని మొహమాటానికే అనుకుంటా. వాడి బొటనవేలినే చూస్తూ కూర్చున్నాను. మూడు పేరాలు నెమ్మదిగా కదిలింది. నాలుగో పేరా దగ్గర ఒక్కసారిగా పైకి తోసేశాడు. అక్కడ నేను ఐదు ఎన్నికల ఓట్ల శాతాలు వరసగా పెట్టాను. "ఏరా, అక్కడ ఆపేశావే?" అన్నాను. "అంకెలు ఎక్కువైపోయాయి బాబాయ్, దేని గురించి చెబుతున్నావో మర్చిపోయా" అన్నాడు. తిరుగు బస్సులో కూర్చుని ఆ పేరా కాగితం మీద మళ్లీ రాశాను. ఐదు ఎన్నికలు రెండయ్యాయి. నరసరావుపేట వచ్చేసరికి అంతే మిగిలింది.